శనివారం ఒక్కపొద్దు

మిషన్లు తుడిచే వేస్టు బట్టల మూటలో
దొరికె నాకా చొక్కా.
బచ్చలిపండు రంగు, చంకలో చినుగు,
వీపు మీద ఆరు,
ఎదాన ఒంటికాలి కొంగ.
కణేకల్లు చెరువు కొంగేమో అనుకుంటి.
కింద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే
వెల్‌బ్రిడ్జ్ టౌన్ అని తేలె.

దాంతో నూనె తుడవబుద్ధి కాలే.
జీన్సు కుట్టే రాగిరంగు దారంతో
చంక కుట్టుకుని తొడుక్కుంటి.

రాయదుర్గంలో ప్యాంట్లకు జిప్పులేసే కుళ్ళాయప్పకూ
చూడని దేశంలో, మూడో మెట్టు మీద
పదేండ్లుగా కూలబడిన ఫుట్‌బాల్ టీముకూ
ఇంతే చుట్టరికం.

ఆగస్టులో మొదలు. తొలి ఆట ఓడిపాయ.
రెండోది డ్రా.
శెనక్కాయ చేన్లు నోరు తెరుచుకున్న నెల అది.
ఆడేమో వాన ఎక్కువై మూడో ఆట ఆపేసిరంట.
నవ్వొచ్చె. కోపమూ వచ్చె.

మనకు ఏడున్నరకు ఆట.
అక్టోబరు ఆఖర్లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు,
అప్పట్నుంచి ఎనిమిదిన్నర.
ఒక దేశం దేశమే పొద్దును జరుపుకుంటాదని
నలభై దాటినాక తెలిసె నాకు.
మా మేస్త్రీకి ముందే తెలుసు:
షెడ్డు గడియారాన్ని పొద్దున ముందుకు తిప్పుతాడు,
మాపటేళ వెనక్కి.

సుంకమ్మ నా ఎదురుగా కూర్చుని దారాలు కత్తిరిస్తాది.
శనివారం ఒక్కపొద్దు, కసాపురం ఆంజనేయునికి.
"వాళ్ళు గెలిస్తే నీకేమొస్తాది కుళ్ళాయా?"
"నువ్వు పస్తుంటే ఆయప్పకేమొస్తాది?"
నాలుగు శనివారాలు నాతో మాట్లాడలే.
ఐదో వారం తానే అడిగె:
"కొంగ ఎగిరిందా?"

జనవరిలో ఆరో నంబరోని మోకాలు పాయ.
నా చొక్కా నంబరు కదా,
మిషను తొక్కినప్పుడల్లా నాకూ కలుక్కుమనె.
ఫిబ్రవరిలో వరసబెట్టి ఐదు ఓడిరి.
చొక్కా ఉతికి మడిచి పెట్టె అడుగున పెట్టేస్తి.
మార్చిలో మళ్ళా తీస్తి. ఎందుకో అడగద్దండి.

ఆఖరి ఆట మే నెలలో.
పైన రేకులు, కింద మేము, మధ్యన నిప్పులు.
ఒక్క పాయింటు చాలు. ఒకటి ఒకటి మీద ఉండారు.
ఎనభై మూడో నిమిషాన కరెంటు పాయ.
అరవై మిషన్లు ఒక్కసారే నోరు మూసుకునె.
ఇరవై రెండేండ్లలో ఆ షెడ్డులో
నా ఊపిరి నాకు వినపడింది అప్పుడే.
బొమ్మ లేదు, గొంతు లేదు,
ఫోన్లో ఒక్కో ముక్క పడతాది:
కార్నరు.
త్రో.
పసుపు కార్డు.
మళ్ళా కార్నరు, అవతలోళ్ళకు.
ఆరు నిమిషాలు ఎగస్ట్రా అంట.
సుంకమ్మ కత్తెర తెరిచి పట్టుకునుండాది,
దారం తెగలే.

"ఏమాయ?"
"ఎక్కినారు."
"యాడికి?"
"పై మెట్టుకి."
"ఆడ ఏముంటాది?"
"వీళ్ళకన్నా పెద్దోళ్ళు. ఓడగొట్టేదానికి."

జనం మైదానంలోకి ఉరికినారంట,
గడ్డి పెళ్ళగించి జేబుల్లో పెట్టుకున్నారంట.
హెల్పరు నుంచి టైలరు అయిన దినం
నాకు జిప్పుకు పావలా పెరిగె.
ఎవరూ ఉరకలే. నేనే ఒక టీ తాగి వచ్చి కూర్చుంటి.

కరెంటొచ్చె. మేస్త్రీ వచ్చె.
ఆ రాత్రి నా లెక్కలో పదకొండు ప్యాంట్లు తక్కువ,
ఎర్రింకుతో రాసుకునె.

మళ్ళా ఆగస్టు దాకా ఆటల్లేవు.
ఏడున్నరకు చెయ్యి జేబులోకి పోతాది,
ఉత్తదే బయటికొస్తాది.
పోయిన శనివారం సుంకమ్మ
గిన్నె మూత తీసి ఉగ్గాని నా దిక్కు తోసె.
"తిను. నీ ఒక్కపొద్దు తీరిపాయ కదా.
నాదింకా ఉండాది."