సంతకం గడి

బలగలో మా ఇంటికి బోర్డు లేదు.
గేటు పక్కన తొమ్మిది జతల చిన్న చెప్పులు,
అదే బోర్డు.

ఎనిమిదింటికి పిల్లలొస్తారు,
కేరేజీలతో, ముక్కు చీమిడితో,
రాత్రి ఇంట్లో జరిగిందంతా కళ్ళల్లో పెట్టుకుని.
నేనేమీ అడగను.
లాంగ్ నోట్‌బుక్కులో స్కేలు పెట్టి గడులు కొట్టుకున్నాను:
వచ్చిన టైము, వెళ్ళిన టైము,
తీసుకెళ్ళినవారు, సంతకం.
మొదట్లో అది జ్వరం సిరప్పుల లెక్క కోసం.
ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా బరువైన వస్తువదే,
గ్రైండరు కన్నా.

మోక్షిత వాళ్ళ కోర్టు కాగితం
ఆ పుస్తకం వెనక అట్టకి అంటించి ఉంటుంది.
జిరాక్సు తెచ్చిచ్చిన రోజు ఉషారాణి
నైటు డ్యూటీ దిగి, నర్సు బట్టలు మార్చకుండానే వచ్చింది.
"అప్పా, ఆయనొస్తే పాప లేదని సెప్పీ."
"లేదని చెప్పనమ్మా. ఇవ్వనని చెప్తాను.
రెండూ ఒకటి కావు."
నచ్చలేదు. రెండు రోజులు నాతో మాటాడలేదు.
ఫీజు మాత్రం ఐదో తారీఖుకే ఫోన్‌పేలో వేసింది.

ఆదివారం పది నుంచి నాలుగు దాకా తండ్రి,
మిగతా రోజులు తల్లి,
అప్పజెప్పేది మా గుమ్మంలో.
కింద గుండ్రటి ముద్ర, సగమే పడింది.

తవిటినాయుడు గురువారం వచ్చాడు.
పైడిభీమవరం మందుల ఫేక్టరీ బస్సు దిగి,
చొక్కాకి ఆ ఘాటుతోనే,
చేతిలో క్రీమ్ బన్ను.
"అరగంటప్పా. ఏడురోడ్ల దాకా తిప్పి తెచ్చెత్తాను.
నా కూతురే కాదేటి?"

నీ కూతురే. ఎవరు కాదన్నారు.
ఆ ముక్కు నీదే, ఆ మొండితనమూ నీదే.
కానీ నాయనా, ఈ రోజు గురువారం.

గేటు పట్టి ఊపాడు.
లోపల ఉయ్యాల్లో పసివాడు ఉలిక్కిపడి లేచాడు.
ఎదురింటి పైడమ్మ కిటికీ తీసి
పోలీసుల్ని పిలవమంది, వీధంతా వినేలా.
నేను ఫోను తీసింది ఉషారాణికి.
థియేటర్లో ఉందో ఏమో, ఎత్తలేదు.
చేతులు వణుకుతుంటే కొంగులో చుట్టుకున్నాను.

"నువ్వు మంచోడివో కాదో నాకు తెలీదు నాయుడూ.
ఆవిడ సంగతీ తెలీదు.
నాకు తెలిసినదల్లా
ఈ గుంట నిద్దట్లో ఎడం చెవి నలుపుకుంటుంది,
ఉరిమితే నా కుర్చీ కిందకి దూరుతుంది.
ఈ తాళం నీ మీద కోపంతో వేసింది కాదు.
ఆదివారం ఆవిడొచ్చి ఇవ్వనంటే
ఇదే కాగితం ఆవిడ మొహానా పెడతాను."

ఇంతలో గొంతు విని అదే వచ్చేసింది.
ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టింది, మోచేతి దాకా.

బన్ను ఊచల్లో పట్టలేదు.
రెండు చేశాడు, పట్టలేదు.
నాలుగు చేశాడు.
చేతుల గురించి కాగితంలో ఏమీ రాసి లేదు.
వెనక తలుపులోంచి వెళ్ళి
గేటు బయట ప్లాస్టిక్ స్టూలు వేశాను.

వెళ్ళాక రాసుకున్నాను:
ఐదూ పది నుంచి ఐదూ ముప్పైఐదు. తండ్రి. గేటు బయట. బన్ను.

ఏడింటికి ఉషారాణి ఆ గీత చదివింది,
రెండుసార్లు.
"ఎందుకు రానిచ్చేవప్పా?"
"రానివ్వలేదు. అందుకే రాశాను."
పెన్ను చాలాసేపు పట్టుకుని నిలబడింది.
సంతకం పెట్టింది. చివరి అక్షరం గడి దాటింది.

మర్నాడు మధ్యాన్నం, అందరూ పడుకోవాల్సిన వేళ,
మోక్షిత చాప మీద కుర్చీ అడ్డంగా పెట్టుకుని
చంకలో బొమ్మతో కూర్చుంది.
బొమ్మ కావాలన్నాడు సాకేత్.
"సంతకం పెట్టు."
వాడు నాలిక బయటపెట్టి, ఎర్ర క్రేయాన్‌తో
కష్టపడి ఒక గీత గీశాడు.
అది అటూ ఇటూ తిప్పి చూసి
తల అడ్డంగా ఊపింది.

"ఈ రోజు గురువారం."