పంటి పోటు

ఏటికి పోటు ఆరు గంటలే,
ఆ తర్వాత పాటు, బురద, కొంగలు.
నా పంటికి మాత్రం ఎనిమిది నెలలుగా పోటే.
లవంగం పెట్టాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను,
ఎడం పక్క నమలడం మానేసి
కుడిపక్క మనిషినైపోయాను.

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం
పంటు మీద పావుగంట.
ఆ పావుగంట దాటడానికే
నాకు ఎనిమిది నెలలు.

యోనాకి ముప్పై తొమ్మిదేళ్ళు. నా తమ్ముడు.
మా ఇంట్లో కుక్కర్ లేదు,
ఆ కూత వాడి చెవిలో సూదిలా దిగుతుంది.
గంజి వార్చిన అన్నం. ఆకుపచ్చ గ్లాసులోనే నీళ్ళు.
గ్లాసు సొట్టపోయిన రోజు
వాడు తల గోడకేసి కొట్టుకుంటుంటే
గోడకీ తలకీ మధ్య నా అరచెయ్యి పెట్టాను.
ఇప్పటికీ లేసు సూది పట్టుకుంటే
ఆ చేతి రెండు వేళ్ళు వణుకుతాయి.
పువ్వు దగ్గర అల్లిక లెక్క తప్పుతుంది,
ఏజెంటు డజనుకి ఇరవై కోస్తాడు.

సాయంత్రం నాలుగింటికి రేవుకి పోవాలి,
వానైనా, చావైనా.
అమ్మని మట్టిచేసిన రోజు కూడా పోయాం,
ఒక్క గొడుగు కింద ఇద్దరం,
వచ్చిన పంటు వచ్చినట్టు లెక్కెట్టుకుంటూ.
ఊరు చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ.
వాడు ఏడ్చే పద్ధతి అది, నాకు తెలుసు.
నేను ఏడ్చే పద్ధతేమిటో
ఇంకా తెలీదు.

"నీకు భూదేవంత ఓపికమ్మా" అంటారు.
ఓపిక కాదు, నిద్రలేదు.
దూరం నుంచి రెండూ ఒక్కలాగే ఉంటాయి.
పోయిన వేసవిలో, కరెంటు పోయిన రాత్రి,
వాణ్ణి కొట్టాను.
వాడు తిరిగి కొట్టలేదు. చెంప మీద చెయ్యేసుకుని
గంట సేపు నా మాటే నాకు వినిపించాడు:
"పడుకో చస్తాను. పడుకో చస్తాను."
గుడిలో మోకాళ్ళ మీద కూడా
ఈ సంగతి చెప్పలేదు.

పక్కింటి మంగతాయారే అంది:
"మంగళారం నేనుంటాను.
పోయి పీకించుకురా ఆ పన్ను,
నీ మూలుగు గోడ దాటి వస్తోంది."
లేసు డిజైను కాగితం వెనక రాసిచ్చాను:
వెనకనుంచి భుజం ముట్టుకోకు.
పప్పు అన్నానికి తగలకూడదు.
"దిగేవోళ్ళు ముందు!" అని పంటు వాడిలా అరిస్తే
నవ్వకు. భయమేస్తోందని అర్థం.

పంటు మీద నిలబడితే
కుడిచేతికి ఏం పని చెప్పాలో తోచలేదు.
ఇరవై ఏళ్ళుగా దాంట్లో ఒక మణికట్టుంది.
కమ్మీ పట్టుకున్నాను.
చల్లగా ఉంది. అది లాగదు.
మోటారు సైకిళ్ళ మధ్య, కొబ్బరి గెలల మధ్య
ఎవరూ నన్ను చూడటం లేదు.
ఎవరూ చూడకపోవడం
ఇంత హాయిగా ఉంటుందా!
అనుకున్నానో లేదో భయం పట్టుకుంది.
ఒడ్డు వెనక్కి పోతోంది.

డాక్టరు చిన్నపిల్ల.
సూదేసి, "వెనక్కి వాలండి" అంది.
ఆ మాట నాతో ఎవరన్నా అని
ఎన్నాళ్ళయిందో లెక్కేద్దామనుకున్నాను.
కళ్ళు తెరిచేసరికి స్టీలు గిన్నెలో నా పన్ను,
కిటికీలో ఎండ పసుపు తిరిగింది.
"లేపబుద్ధి కాలేదండీ" అంది ఆ పిల్ల.
నా తర్వాతి ఇద్దర్నీ పక్క కుర్చీలో చూసి పంపేసిందట.
నోట్లో దూది, కళ్ళల్లోంచి నీళ్ళు.
నొప్పా అని అడిగింది.
అవునని తలూపాను. అదే తేలిక.

నాలుగు దాటిపోయింది.
రేవులో సిమెంటు బల్ల మీద ఇద్దరూ,
మధ్యలో ఆకుపచ్చ గ్లాసు.
యోనా నావైపు చూడలేదు.
"అయిదోదాంట్లో అక్క" అన్నాడు, ఏటితో.
మంగతాయారు మోచేతి మీద కొత్త గీరుడు,
కొంగు లాగి కప్పింది.
నేను చూశాను. చూసినట్టు తనూ చూసింది.

"మళ్ళీ మంగళారం రమ్మంది" అన్నాను
దూది అడ్డం పెట్టుకుని.
డాక్టరు అనలేదు.
మంగతాయారు కాసేపు నా బుగ్గకేసి చూసింది,
గ్లాసులో మిగిలిన నీళ్ళు ఏట్లో పారబోసింది.
"ఇంకా ముప్పై ఒకటున్నాయిగా,
తొందరేం?
వారానికోటి పీకించుకో."