తొలి విలువ

పానగల్లు దాటినంక యూనివర్సిటీ, ల్యాబుల
పన్నెండు మిషిన్లు, ఏడు బతికున్నయి.
నాకు దొరికినదానికి 'ఈ' మీట ఊడిపోయింది.
ఎక్స్‌పొనెన్షియల్ రాయాల్నంటే
పెన్ను మొనతో పొడవాలె.

పుస్తకంల లెక్క ఉప్పునీళ్ల తొట్టిది.
ఇంత లోపలికొస్తది, ఇంత బయటికి పోతది,
గంట తర్వాత తొట్టిల ఉప్పెంత?
అస్మత్ మేడం బోర్డు మీద సగం జేసి
మిగతాది మిషిన్ జేస్తదన్నది.

నేను ఉప్పు కొట్టేసి ఫ్లోరైడ్ అని రాసిన.
తొట్టి తీసేసి
మా నాయనమ్మ పుల్లమ్మను పెట్టిన.

దినాం రెండు చెంబులు, ఎండాకాలం నాలుగు.
బయటికి పోయేదెంతో
ఏ దవాఖాన చీటీల లేదు, అందాజగ వేసిన.

ఎంటర్ కొడితే ఎర్రక్షరాలు.
పక్కసీటు జంగయ్య వంగి చూసి
"సెమీకోలన్ మింగినవ్" అన్నడు.
పెట్టిన. మళ్ల అడిగింది:
తొలి విలువ?

మర్రిగూడ తొవ్వల బోరు పడ్డ దినం.
నీళ్లు ఎగజిమ్మితె పిల్లలందరు తడిసిన్రట.
ఆమెకప్పుడు పద్దెనిమిది.
సున్నా కొట్టిన.

గీత నిటారుగ లేచి
మెల్లగ వంగి
అడ్డంగ పండుకుంది.
"స్థిరస్థితి," వెనకనుంచి మేడం, "కరెక్టొచ్చింది."

ఆమె పక్కకు చూడాల్నంటే
మెడ తిరగదు, మొత్తం మనిషే తిరగాలె.

కృష్ణా నల్లా వచ్చిన ఏడు నుంచి
లోపలికొచ్చేది సున్నా చేసి చూసిన.
దిగుతున్నది, దిగుతున్నది గని
సగానికి రావాల్నంటే
ఆమెకు నూటనలభై ఏండ్లుండాలె.

జంగయ్య తన గ్రాఫుకు రంగులేస్తున్నడు.
ఫైలుకు పేరడిగితే
తొట్టి అనే ఉంచిన.