ఉతకని చొక్కా

సైకిలు మీంచి పడ్డానన్నాడు.
సైకిలుకి గీత కూడా లేదు.
చొక్కాకి పైనుంచి మూడు గుండీలు లేవు.
అవి నేనే కుట్టాను, రెండు పేటల దారంతో.
నేల మీద పడితే ఊడే గుండీలు కావవి.

బక్కెట్లో నీళ్లు పట్టి, సబ్బుపొడి వేసి
చొక్కా ముంచబోతుంటే
ఎదురింటి దీవెనమ్మ, పెద్దాసుపత్రి నర్సు,
నా మణికట్టు పట్టుకుంది.
"ఉతక్కే. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టు.
ప్లాస్టిక్ కవరొద్దు, చెమ్మ పడుతుంది."
పదిహేనేళ్లుగా వాడికి ఏది అంటినా ఉతికిన చేతులివి.
పాలకక్కు, సిరా, మామిడి జీడి,
ఆ ఏడాది బుడమేరు బురద.
మొదటిసారి వీటిని ఊరుకోమన్నారు.

ఆసుపత్రిలో, పోలీసు అవుట్‌పోస్టు బల్ల దగ్గర
రాసుకునే ఆయన అడిగాడు: దెబ్బలెట్లా తగిలాయి?
జోయెల్ నా వైపు చూశాడు.
నేను చెప్పేయకుండా ఉండటానికి
పైట కొంగు పళ్ల మధ్య పెట్టుకున్నాను.
వాడే చెప్పాలి. పెదవి పగిలినా సరే, వాడి నోరే.
చాలాసేపటికి "నలుగురు" అన్నాడు.
తర్వాత పేర్లు.

ఆ పేర్లు నాకు తెలుసు.
సింగునగర్లో ఆ బడికి యూనిఫారాలు కుట్టేది నేనే.
రెండో పేరువాడిది ఛాతీ ముప్పై నాలుగు,
ఎడమ భుజం కాస్త జారు.
జూన్‌లో టేపు పెడితే చక్కిలిగింతలకి నవ్వాడు.
"ఆంటీ, చేతులు కొంచెం వదులుగా" అన్నాడు.
వదులుగానే కుట్టాను.

ఏలియా ఆటోనగర్ నుంచి వస్తూ
బండి సీటు కింద పెద్ద పానా పెట్టుకొచ్చాడు.
ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.
బండి తాళం తీసి బియ్యం డబ్బాలో వేశాను.
రాత్రంతా వెతుకుతున్నట్టు నటించాడు.
తెల్లారాక తెల్లకాగితాలు కొనుక్కొచ్చి,
లేత్ మీద వెంట్రుకవాసి తేడా రానివ్వని ఆ చేతులతో
ఫిర్యాదు మూడుసార్లు రాశాడు,
ఒక్క కొట్టివేత లేకుండా.

బళ్లో కరస్పాండెంటు గారు టీ తెప్పించారు.
"మగపిల్లలు కదమ్మా, ఇవన్నీ మామూలే.
బయటికి పోతే మీవాడికే చెడ్డపేరు."
టీ మీద మీగడ కట్టేదాకా చూశాను.
రశీదు ఇమ్మన్నాను, నకలు మీద ముద్ర కొట్టి, తేదీ వేసి.
వచ్చే ఏడాది యూనిఫారాల సంగతి ఆయనేమీ అనలేదు.
అనక్కర్లేదు.

వీడియో ఉందట. నవ్వులు కూడా వినిపిస్తాయట.
దీవెనమ్మ కూతురు తన ఫోన్లోంచి చెరిపేస్తానంటే
వద్దు, ముందు నాకు పంపమన్నాను.
చూడలేదు.
ఆపరేషను కుట్లలాగా, ఎక్కడుందో తెలుసు,
తడమను.

ఇంట్లో ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ రాసివ్వలేదు.
రాగిజావ చల్లార్చి ఇస్తాను.
కుడి చెవి వినపడటం లేదు గనక అటునుంచి పిలవను.
మిషను వాడి గది గుమ్మం దాకా జరుపుకొని
గుడ్డ లేకపోయినా తొక్కుతూ కూచుంటాను,
మనిషున్న చప్పుడు ఉండాలని.

ఒక రాత్రి కరెంటు పోయింది. చీకట్లోంచి వాడు:
"నేను ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టలేదమ్మా."
మంచిపని చేశావనాలా? కొట్టాల్సింది అనాలా?
రెండూ నాలిక చివరిదాకా వచ్చాయి.
"విన్నాను నాన్నా" అన్నాను.
కరెంటు వచ్చేదాకా మా ఇంట్లో అదొక్కటే మాట.

విచారణ సోమవారం పదకొండింటికి.
చొక్కా బీరువా మీద కాగితం సంచిలో ఉంది.
వాసనొస్తోంది అన్నాడు ఏలియా.
రానీ.

ఇవాళ పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు జోయెల్.
పదకొండు రోజుల తర్వాత
వాడంతట వాడు చేసిన మొదటి ఫిర్యాదు.
రశీదేమీ రాయలేదు.
ఉప్పు డబ్బా తెచ్చి
ఎడమ వైపు నిలబడ్డాను.