కలిసే ఉన్నారా అని

కాగితంలో ప్రశ్న ఒకటే:
"దంపతులు ఒకే కప్పు కింద కాపురం చేయుచున్నదీ లేనిదీ
విచారించి తెలుపవలెను."
స్పెషల్ బ్రాంచి హెడ్ కానిస్టేబుల్ని.
మఫ్టీలో, బండి బుగ్గవంక వంతెన కాడ ఆపి
మరియాపురం సందులోకి నడిచిపోతి.

ఏడేండ్లుగా పోతానే ఉండా ఆ ఇంటికి.
వీసా పొడిగించినప్పుడల్లా ఒకసారి.
మొట్టమొదట తలుపు తీసిన రోజు
ఆ పిల్లకు తెలుగులో వచ్చింది ఒక్కటే మాట: "కూసో."
పోలీసోణ్ణి ఏకవచనంలో కూసోబెట్టిన మనిషి
నా సర్వీసులో ఆమె ఒక్కతే.

పేరు మారిసెల్. ఊరు ఇలోయిలో, సముద్రం పక్కన.
మొగుడు బాలశౌరి, కువైట్‌లో నీళ్ల ట్యాంకరు తోలినోడు.
ఆమె చంటిపిల్లల్ని చూసే ఇంటి గేటు ముందర
అవసరం లేకపోయినా హారన్ కొట్టేవాడంట.
ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చినవి
అరబ్బీ తిట్లు మాత్రమే. వాటితోనే మొదలు.

వీధి ఆమెను మరియమ్మను చేసింది.
ఫారంలో "ఉరఫ్" అని గడి ఉంటే అదీ నింపితి.
పై ఆఫీసు ఎర్రసిరాతో అడిగింది:
ఒకరా, ఇద్దరా?

సాక్ష్యమంటే వాళ్లు చూపించేది
పెండ్లి ఫోటో, గ్యాసు పుస్తకం, బ్యాంకు ఉమ్మడి ఖాతా.
నేను చూసింది వేరే.
పొయ్యి కాడ అత్త చింతపులుసు, కోడలి వెనిగర్ సీసా,
మధ్యలో ఉడికీ ఉడకని కోడి.
మే నెల ఎండలో బిందె అడ్డం పెట్టి
"నా వంతు! నా వంతు అంటాండా గదా, ఇనపడ్లా?"
అని ట్యాంకరోణ్ణి ఆమె అరిచిన అరుపు.
దానికి గడి లేదు.

"కడాపటి పన్నెండు నెలలు దేశం దాటగూడదమ్మా"
అని కలెక్టరాఫీసు గుమాస్తా చెప్పినాడు.
తొమ్మిదో నెలలో వాళ్లమ్మ పోయింది.
అక్కడ వాన. ఇక్కడ కరెంటు లేదు.
బాలశౌరి ఫోను ఎత్తి పట్టుకొని నిలబడినాడంట
పెట్టె గుంతలో దిగేదాకా,
చేయి మార్చుకోకుండా.

పాస్‌పోర్టు తిప్పితి.
ఆ ఏడాది ముద్ర లేదు.
ఉతికి ఆరేసిన గుడ్డ మాదిరి, తెల్లగా, పేజీ.
"నిరంతర నివాసం: ఉన్నది" అని రాస్తి.
రాసినాక పెన్నుకు మూత పెట్టేది మర్చిపోతి,
జేబు నిండా సిరా.

"సార్, ఇది ఇచ్చేయాల్నా?"
"ఇచ్చేయాల్నమ్మా. రెండు దేశాలు ఉండగూడదు."
ఆమె దాని అట్ట కొంగుతో తుడిచింది.
నా టీలో చక్కెర ఎక్కువేసింది, ఎప్పటిలాగే.

ఆ రాత్రి ఇంటికి పోతే
అన్నం మీద పళ్లెం బోర్లించి
టీవీ ముందర కునుకుతాంది మా ఓబులమ్మ.
ఇరవయ్యారేండ్లు. ఒక్కడూ విచారించలా.
ఎవడన్నా నోటుబుక్కుతో వస్తే, నిజంగా వస్తే,
ఏం చూపిస్తాను?
లేపి అడిగితి, "నీ బీపీ మాత్ర పేరేంది?"
కండ్లు తెరవకుండానే అనింది:
"ఎవురికి ఇయ్యాల రిపోర్టు?"

ప్రమాణం రోజు నేనూ పోతి, డ్యూటీ లేకపోయినా.
తెలుగులోనే చదువుతానని పట్టుబట్టింది.
"విధేయత" కాడ నాలుక రెండుసార్లు జారింది.
వెనక బాలశౌరి పెదవులు కదులుతాండాయి,
వానికీ తిరగలేదు ఆ మాట.
నాకు మాత్రం తిరుగుతుందా ఏంది.

బయట మెట్ల మీద నన్ను చూసి
"బాగుండారా సార్, కూర్చోండి" అనింది,
కుర్చీ లేని చోట, అంత మర్యాదగా.
ఆ పాత "కూసో" ఇంకొక్కసారి అంటాదేమోనని
ఎండలోనే
కాసేపు నిలబడితి.