లేని బ్రేకు

రథయాత్రకి ఇంకా పది రోజులుందనగా
గుణుపురంలో తారు కరిగి చెప్పులకంటుకుంటున్న పొద్దున
నాలుగు బళ్ళ మీద నలుగురం బయల్దేరాం.
ఊరికే తిరిగొస్తామని ఇళ్ళల్లో చెప్పాం.
ఊరికే కాదు.
దండాసి తన రాజ్‌దూత్‌ని
సిమిలిగూడలో ఒక మాస్టారికి అమ్మేశాడు,
అప్పజెప్పాలి.

లారీలో వేస్తే పన్నెండొందలు అన్నారు.
"అదేమైనా సంతకి తోలే గేదా?" అన్నాడు దండాసి.
ఇంకెవరం మాట్లాడలేదు.

అతని మోకాలు అరిగిపోయింది.
రోజూ పొద్దున్నే వైకుంఠం కిక్కు కొట్టి ఇస్తాడు,
ఇతను పల్లకీ ఎక్కిన కరణంలా
నిదానంగా ఎక్కి కూర్చుంటాడు.
బంకులో ఆయిలు మాత్రం తనే కలుపుకుంటాడు,
మూత కొలతతో కాదు,
వాసనతో.

మొదటి రోజంతా ఎండ.
హెల్మెట్లలో తలలు ఉడికాయి.
రాయగడ దాకా గాలి
కాగిన నీళ్ళ చెంబులా మొహాన పడుతూనే ఉంది.
నాగావళి వంతెన మీద ఆగి
సుదాం చొక్కా విప్పి పిండాడు.
కింద నదిలో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ.
ఆ రాత్రి లాడ్జి డాబా మీద పడుకుని
ఎవరి బండి ఏ సంవత్సరం కొన్నది, ఎంతకి కొన్నది,
అవే మాటలు.
అమ్మిన ధర దండాసి చెప్పలేదు.
మేం అడగలేదు.
అడగకుండా ఉండడానికి
ముగ్గురం చాలా కష్టపడ్డాం.

లక్ష్మీపూర్ ఘాటీలో
ముందు వాసన వచ్చింది, తర్వాత వాన.
చినుకేలే అనుకునేలోగా కొండ కనపడకుండా పోయింది.
ఎర్రనీళ్ళు రోడ్డుకి అడ్డం పడి
మా బూట్లని అడగకుండానే నింపేశాయి.
రాజ్‌దూత్ ఆగిపోయింది.
ముగ్గురం చుట్టూ నిలబడి
ఒక్క రెయిన్‌కోటు నాలుగు మూలలా పట్టుకున్నాం,
నాలుగో మూల సైలెన్సరుకి కట్టి.
కింద దండాసి ప్లగ్గు విప్పి
బనీను అంచుతో తుడిచి
నోటితో ఊది
దానితో ఏదో అన్నాడు.
వాన చప్పుట్లో వినపడలేదు.
తిట్టాడని సుదాం ఒట్టేశాడు తర్వాత.
బతిమాలాడని వైకుంఠం.
నాకు మటుకు
పేరు పెట్టి పిలిచినట్టనిపించింది.
దానికో పేరుందని ఇన్నేళ్ళలో మాకు చెప్పలేదు.

కాకిరిగుమ్మలో ఒకామె చోడంబలి పోసింది.
ఆమె మాండియా పేజ్ అంది.
సుదాం ఆ పేరుతో ఒకసారి,
ఈ పేరుతో ఒకసారి తాగాడు.

మూడో రోజు కొండలు లేవు.
మేమున్నాం, తెలుపుంది.
ఇక్కడ దాన్ని కుహుడి అంటారు.
పొగమంచు అనడంకంటే ఆ మాటే
నోట్లో మెత్తగా ఉంది.
అందరికంటే ముందు దండాసి.
అతని బండి వెనక వెలిగే ఎర్ర చుక్కే రోడ్డు.
అది కుడికి పోతే కుడికి పోయాం,
ఆగితే ఆగాం.
ముప్పై కిలోమీటర్లు
అమ్మేసిన బండిని నమ్ముకుని వచ్చాం.

మాస్టారు భుజం మీది తువ్వాలుతో సీటు తుడిచి
"భొలొ అఛి" అన్నారు.
దండాసి తాళం ఇచ్చేశాడు.
గేటు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి
"చలికాలం చోక్ సగమే లాగాలండి,
పూర్తిగా లాగితే అలుగుతుంది" అన్నాడు తెలుగులో.
సుదాం దాన్ని ఒడియాలో చెబుతూ చెబుతూ
అలుగుతుంది దగ్గర ఆగిపోయాడు.
ఆ మాట కోసం అందరం
ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.
అర్థమైందన్నట్టు మాస్టారే తలూపారు.

తిరుగుదారిలో ఎండ కాసింది.
కడిగిన కొండలు, ఎక్కడపడితే అక్కడ పారుతున్న గెడ్డలు.
వైకుంఠం ఫొటోలకని నాలుగుసార్లు ఆపాడు.
నేను సరిగ్గా చూడలేదు.
దండాసి నా వెనక కూర్చున్నాడు.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
కాసేపు తొడల మీద, కాసేపు నా భుజం మీద,
చివరికి జేబుల్లో.
ఘాటీ దిగుతుంటే
ప్రతి మలుపులోనూ
నా కుడి మడమ పక్కన అతని చెప్పు
లేని బ్రేకుని తొక్కుతోంది.

తొక్కినప్పుడల్లా
నేను వేగం తగ్గించాను.