తప్పొప్పుల పట్టిక

అయిదు వందల ప్రతులు వేయించాను
హనుమకొండ చౌరస్తాలో, కనకయ్య ప్రెస్సులో.
పంచినవీ అమ్మినవీ కలిపి మూడు వందలు.
మిగతావి మంచం కింద,
వాటి మీదనే నిద్రపోతున్నాను ఈ మధ్య.

పన్నెండేళ్లు తిరిగి రాసిన పుస్తకం.
మేడారం దారికి ఎడమ పక్క అడవి,
అందులో మనుషులు, విరిగిన శాసనం రాళ్లు,
పులి చివరిసారి కనబడిన తేదీ,
అటవీశాఖ రిజిస్టరులో ఉన్నదున్నట్టు.

ఏరుమద్దిని నల్లమద్ది అని రాశాను.
ఒక వాగును మూడు మైళ్లు తూర్పుకు జరిపాను.
ఇవి చిన్న తప్పులు. ఎర్ర కాగితం ముక్క మీద అచ్చేసి
చివరి అట్టకు అంటించొచ్చు.

పస్రాలో బస్సు దిగి, సగం ఆటో, సగం నడక,
ఒక ప్రతి ఆమెకిద్దామని పోయాను.
పేరు చెప్పను. ఊరూ చెప్పను.
పుస్తకంలో రెండూ ఉన్నాయి, అదే కదా బాధ.

వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసి కోళ్లను తోలుతోంది.
చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది,
తిప్పి చూసింది, తలకిందులుగా పట్టుకుని చూసింది.
"గింత సన్నగున్నదేంది సారూ,
పన్నెండేండ్లు ఏం జేసినవ్?"

చదవమంది. చదివాను.
తునికాకు కట్టల లెక్క దగ్గర తలూపింది.
గంజి కేంద్రం పెట్టిన ఏడు దగ్గర
"గాదు, దాని మర్సటేడు" అంది. రాసుకున్నాను.
తర్వాత ఆమె పెనిమిటి వచ్చాడు.
ముసురు, తేనెకని పోవడం, ఎలుగుబంటి,
తువ్వాలలో మూటగట్టి తెచ్చిన చెప్పులు.
మంచి పేరా అది.
హైదరాబాదు నుంచి ఒకాయన
ఆ పేరా కోసమే ఫోను చేశాడు.

ఆమె కోళ్లను తోలడం ఆపింది.
"ఎలుగు గాదు."

చాలాసేపు పువ్వు వాసన తప్ప ఏమీ లేదు.
కోళ్లు వచ్చి ఏరుకు తింటున్నాయి.
"నీకు గట్లనే జెప్పిన. అందరికి గట్లనే జెప్పిన,
నా కొడుక్కు సుత.
ముప్పై ఏండ్లసంది ఎలుగే."
తారురోడ్డు వైపు చూసింది.
రోడ్డు మీద ఏ బండీ లేదు.

పెన్ను మూత తీశాను, చేతి అలవాటు.
"రాయకు" అంది. "తియ్యకు గూడ.
ఎలుగును గట్లనే ఉండనీ.
దాన్ని ఎవలు వొయ్యి అడుగుతరు?"

దారికని మోదుగాకులో ఇంత పువ్వు పోసిచ్చింది.

ఆ రాత్రే కనకయ్యకు పట్టిక పంపాను.
ఏరుమద్ది. వాగు. గంజి కేంద్రం.
"గంతేనా?" అన్నాడు.
అంతే అన్నాను.

ఇప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో
మంచం కింద రెండు వందల ఎలుగుబంట్లు కదులుతాయి,
ఏ పాపం ఎరగని జంతువులు,
నా మంచి పేరాలో, నేను కురిపించిన ముసురులో
మళ్లీ మళ్లీ ఒకే మనిషి మీదికి లేస్తూ.

రెండో అచ్చు వేద్దామంటున్నాడు కనకయ్య.
కాగితం ధర తగ్గనీ అన్నాను.